ఒపెక్ ఉండగా అరబ్ దేశాలు మళ్లీ ఓఏపెక్ ఎందుకు పెట్టుకున్నాయి?

అశోక్‌నగర్ హాస్టల్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. గ్రూప్-1కి ప్రిపేరవుతున్నాను. నిన్న చిక్కడపల్లి లైబ్రరీలో ఒక ప్రాక్టీస్ బిట్ దగ్గర మా నలుగురికీ పెద్ద వాదనే అయింది. అరబ్ చమురు ఎగుమతి దేశాల సంస్థ, అంటే ఓఏపెక్‌లో ఎప్పుడూ చేరని దేశం ఏది అని ప్రశ్న. ఆప్షన్లు బహ్రెయిన్, ఈజిప్ట్, ఒమన్, సిరియా. నేను సిరియా పెట్టాను. కీ చూస్తే ఒమన్. గల్ఫ్‌లోనే ఉంది, చమురు అమ్ముతుంది, అక్కడి భాష అరబ్బీ. అయినా అందులో లేదు. ప్రపంచ చమురు ఎగుమతి దేశాల సంస్థ ఒపెక్‌లోనూ లేదు. ఆరు గల్ఫ్ దేశాల కూటమి జీసీసీలో మాత్రం ఉంది.

అప్పటి నుంచి ఈ మూడు పేర్లూ బుర్రలో కలగాపులగం అయిపోయాయి. తేదీలు నోట్సులో ఉన్నాయి. ఒపెక్ 1960 సెప్టెంబర్‌లో బాగ్దాద్‌లో, ఓఏపెక్ 1968 జనవరి 9న బీరూట్‌లో, జీసీసీ 1981 మే 25న అబుదాబిలో పుట్టాయి. బట్టీ పట్టమంటే పడతాను. కానీ చమురు దేశాలకు ఒక సంఘం ఉండగా, ఎనిమిదేళ్లు తిరక్కుండానే ఇంకొకటి ఎందుకు కావలసి వచ్చింది?

అసలు ఆ దేశాలు ఒకరికొకరు ఏం సాయం చేసుకున్నాయి? ఇరాక్, కువైట్ రెండూ ఓఏపెక్ సభ్యులే, 1990లో ఒకటి ఇంకోదాన్ని ఆక్రమించింది. మా అన్న కువైట్‌లో ఏసీ మెకానిక్. ఫోన్ చేసి అడిగితే అలాంటి ఆఫీసు ఒకటుందనే తనకు తెలీదన్నాడు. హెడ్డాఫీసు కువైట్‌లోనే ఉంది! తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్. మార్కుల కోసమే అయితే ఇంత అడిగేదాన్ని కాదు. మా ఇల్లు గడిచేది ఆ గల్ఫ్ డబ్బుతోనే, ఆ దేశాల గురించి నాకు ఏమీ తెలియకపోవడం సిగ్గుగా ఉంది.

మెయిన్స్ రాసినవాడు:

ముందు ఎందుకు అన్నది చెప్తాను. ఒపెక్‌ను మొదలుపెట్టిన ఐదింటిలో ఇరాన్, వెనెజువెలా అరబ్ దేశాలు కావు. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చినప్పుడు అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. అది ఫలించలేదు. కొనేవాళ్లకు వేరే చోట సరుకు దొరికింది, ఆపినవాళ్లకే ఆదాయం పోయింది. సెప్టెంబర్ మొదట్లో అరబ్ దేశాల ఖార్టూమ్ సమావేశం తర్వాత మళ్లీ అమ్మకం మొదలైంది.

ఆ దెబ్బ తిన్న మూడు దేశాలు, సౌదీ, కువైట్, లిబియా, మరుసటి ఏడాది ఓఏపెక్ పెట్టుకున్నాయి. అప్పటికి లిబియాలో కూడా రాజరికమే. చమురు నిర్ణయాలు చమురున్న మన చేతిలోనే ఉండాలి, ఈజిప్ట్ లాంటి విప్లవ ప్రభుత్వాల వేడికి మనం కాలిపోకూడదు అన్నది వాళ్ల ఆలోచన. అందుకే దేశ ఆదాయానికి చమురే ప్రధాన ఆధారం అయితేనే సభ్యత్వం అని షరతు పెట్టారు. ఏడాదిన్నరకే, 1969 సెప్టెంబర్ 1న, లిబియాలో గద్దాఫీ రాజును దించేశాడు. లెక్కంతా మారిపోయింది. 1971 చివర్లో ఆ షరతు సడలించారు. 1972లో ఇరాక్, సిరియా, 1973లో ఈజిప్ట్ వచ్చి చేరాయి. ఒమన్ ఎప్పుడూ చేరలేదు. 

ఇంకో మాట. 1973 ఇజ్రాయెల్ యుద్ధమప్పటి చమురు ఆంక్షలను ఒపెక్ ఆంక్షలు అని చాలా నోట్సుల్లో రాస్తారు, పొరపాటు. అక్టోబర్ 17న కువైట్‌లో కూర్చుని నెలకు 5 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గిస్తామన్నది అరబ్ మంత్రులు. ఇరాన్ అమ్ముతూనే ఉంది. ఇరాక్ ఓఏపెక్ సభ్యదేశమే, అయినా ఉత్పత్తి తగ్గింపులో చేరలేదు. ఇది పరీక్షలో తప్పు రాస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మూసాపేట వెల్డర్:

బిడ్డా, పై తమ్ముడు పుస్తకంలో ఉన్నది సరిగ్గా చెప్పాడు. నేను పుస్తకాలు చదివినవాణ్ని కాదు, బాలానగర్ వర్క్‌షాపుల్లో వెల్డింగ్ నేర్చుకున్నవాణ్ని. కానీ నువ్వు అడిగిన ఆ సంస్థ పెట్టించిన, ఓడలు బాగుచేసే డాకులో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. ఏం సాయం చేసుకున్నారు అన్నావు కదా, దానికి జవాబు నా చేతుల మీద ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

1983లో బొంబాయి వెళ్లి విమానం ఎక్కి బహ్రెయిన్‌లో దిగాను. డాకును అందరూ అస్రీ అంటారు. పూర్తి పేరు అరబ్ షిప్‌బిల్డింగ్ అండ్ రిపేర్ యార్డ్. హిద్ద్ ఊరి దగ్గర సముద్రంలో మట్టి పోసి కట్టారు, 1977లో తెరిచారు. ఐదు లక్షల టన్నుల ఓడ పట్టే డ్రై డాక్. మొదటిరోజు ఖాళీ డాకు అడుగున నిలబడి తల ఎత్తి చూస్తే, పైన అంచు మీద నిలబడ్డ మనిషి చిటికెన వేలంత కనిపించాడు. అప్పటిదాకా నేను చూసిన పెద్ద పని బాయిలర్ షెల్ వెల్డింగ్.

ఆ డాకు ఏడు దేశాల సొమ్ము. బహ్రెయిన్, కువైట్, ఖతార్, సౌదీ, ఎమిరేట్స్ వాటాలు సమానం. ఇరాక్, లిబియాలవి చిన్నవి. ఎందుకు కట్టారో మా సీనియర్లు చెప్పేవారు. చమురు తమది, మోసే ఓడలు పరాయివాళ్లవి, ఆ ఓడలకు తుప్పు పడితే బాగుచేయించుకునే డాకులు కూడా పరాయి దేశాలవి. బావి దగ్గర వచ్చే డబ్బు తప్ప మిగతాదంతా బయటికి పోతోంది. అందుకని 1970ల్లో పని పంచుకున్నారు. ఓడల కంపెనీ కువైట్‌లో, డాకు బహ్రెయిన్‌లో, పెట్టుబడుల సంస్థ సౌదీలో దమ్మామ్ వైపు, సర్వీసుల కంపెనీ లిబియాలో ట్రిపోలీలో, ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ బాగ్దాద్‌లో. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లకు తలా ఒక పని ఒప్పజెప్పినట్టు.

నడపడం మాత్రం మొదట్లో లిస్నావ్ అనే పోర్చుగల్ కంపెనీ చూసింది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసిన దేశాల్లో పోర్చుగల్ కూడా ఒకటని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే దేశం వాళ్లను పిలిచి డాకు అప్పజెప్పారు. దేశాల కోపాలు ఎంతకాలం ఉంటాయో, అవసరాలు ఎంత తొందరగా వస్తాయో దాన్నిబట్టి నాకు అర్థమైంది.

ఇక మా పని. చమురు ట్యాంకర్ డాకులోకి వచ్చిందంటే వెంటనే నిప్పు పెట్టడానికి లేదు. ట్యాంకులు కడిగి, గాలి తోలి, గ్యాస్ లేదని కెమిస్ట్ మీటర్ పెట్టి చూసి సర్టిఫికెట్ రాసేదాకా గ్యాస్ కటింగ్ టార్చ్ లోపలికి పోకూడదు. ఆ కాగితం ట్యాంక్ మూత దగ్గర కట్టి ఉండేది. మందం తగ్గిన ప్లేట్లు సుద్దతో గీతలు గీసి ఉంచేవారు. కోసి తీసి కొత్త ప్లేట్ పెట్టి వెల్డ్ చేయడం మా వంతు. జూలైలో బాలస్ట్ ట్యాంకు, అంటే ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకు, లోపల పని అంటే, బిడ్డా, ఆ ఉక్క రాస్తే అర్థం కాదు. ఇరవై నిమిషాలకొకసారి బయటికొచ్చి నీళ్లు, ఉప్పు.

1984 నుంచి ఇంకో రకం ఓడలు రావడం మొదలైంది. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో రెండువైపుల వాళ్లూ ఒకరి చమురు ఓడలను ఒకరు కొట్టడం పెట్టుకున్నారు. మిసైల్ తగిలిన ట్యాంకర్‌ను మొదటిసారి చూసినప్పుడు నా నోట మాట రాలేదు. నీటిమట్టానికి కొంచెం పైన, మా ఇంటి తలుపంత కన్నం. అంచులు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, ముప్పై మిల్లీమీటర్ల ఇనుము అరటాకులా చిరిగింది. లోపల నిద్రపోయే గదుల్లో కాలిన పరుపులు. అక్కడ ఎవరైనా పోయారా అని మా ఫోర్‌మన్‌ను అడిగితే ఆయన తలదించుకున్నాడు. ఇరాన్ కొట్టిన ఓడలూ వచ్చాయి, ఇరాక్ కొట్టినవీ వచ్చాయి. డాకులో ఇరాక్ వాటా కూడా ఉంది. ఓడ ఎవరిదైనా మాకు అదే గ్యాస్ సర్టిఫికెట్, అదే ప్లేట్, అదే ఎక్స్‌రే పరీక్ష.

తప్పు కూడా చెప్పాలి. నేను దిగిన 1983లోనే దుబాయ్ కూడా తన సొంత డ్రై డాకులు తెరిచింది, మూడు డాకులు, వాటిలో ఒకటి మాకన్నా చాలా పెద్దది. పక్కపక్క ఊళ్లలో ఉన్న అన్నదమ్ములు ఒకే పంట వేసి ఒకే సంతకు పోయినట్టయింది. దానికితోడు ధరలు పెరిగి ప్రపంచం చమురు వాడకం తగ్గించుకుంది, 1975లో సూయజ్ కాలువ మళ్లీ తెరిచారు, ఆఫ్రికా చుట్టూ తిరిగే మహా ఓడల అవసరం పడిపోయింది. ఐదు లక్షల టన్నుల డాకులో చిన్న ఓడలు రెండేసి పెట్టి పని చేసిన రోజులున్నాయి. ముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే రెండుచోట్లా ఆ ఖర్చు అయ్యేది కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది అబూ సఫా సంగతి. బహ్రెయిన్, సౌదీ మధ్య సముద్రంలో చమురు క్షేత్రం అది. 1958లో రెండు దేశాలూ సముద్రంలో హద్దు గీసుకుంటే అది సౌదీ వైపు పడింది. అయినా దాని నికర ఆదాయంలో సగం బహ్రెయిన్‌కు ఇవ్వాలని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. బహ్రెయిన్‌కు సొంత చమురు చాలా తక్కువ, ఆ సగమే వాళ్లకు పెద్ద ఆధారం. మా ఊళ్లో గట్టు మీది చింతచెట్టు కోసం తలలు పగలగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. దీనికి ఓఏపెక్‌తో సంబంధం లేదు, అది పుట్టక ముందు పదేళ్ల నాటి మాట. సహకారం అని పరీక్షలో రాయాల్సి వస్తే దీన్ని వదిలిపెట్టకు.

400 కేవీ:

వెల్డర్ అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ట్రాన్స్‌మిషన్‌లో ఇంజినీర్‌ను, ఖైరతాబాద్‌లో చాలాకాలం పనిచేశాను. చమురు పక్కన పెట్టి కరెంటు గురించి ఒక ముక్క.

జీసీసీ దేశాలు ఆరూ తమ గ్రిడ్లు కలుపుకోవాలని 2001లో ఒక అథారిటీ పెట్టుకున్నాయి. దాని ఆఫీసు దమ్మామ్‌లో ఉంది. 2009లో కువైట్, సౌదీ, బహ్రెయిన్, ఖతార్ కలిశాయి, తర్వాత ఎమిరేట్స్, దాని ద్వారా ఒమన్. వినడానికి తేలిక. కానీ సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, మిగతా ఐదు దేశాలది 50 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీలు వేరు కాబట్టి నేరుగా తీగ కలపడం కుదరదు. అందుకని సౌదీలో అల్ ఫాదిలీ దగ్గర 1800 మెగావాట్ల హెచ్‌వీడీసీ స్టేషన్ కట్టారు. ఒకవైపు నుంచి వచ్చే ఏసీని డీసీ చేసి, రెండోవైపు మళ్లీ కావలసిన ఏసీగా మార్చి పంపుతుంది.

మనకు ఇది కొత్త కాదు. దక్షిణ గ్రిడ్ ఒకప్పుడు మిగతా దేశం నుంచి విడిగా ఉండేది. రామగుండం లైన్లు మహారాష్ట్రలోని భద్రావతిలో ఇలాంటి స్టేషన్ ద్వారానే పశ్చిమ గ్రిడ్‌తో కలిసేవి, వైజాగ్ గాజువాకలో ఇంకోటి తూర్పు వైపుకి. 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్ 765 కేవీ లైన్ చార్జ్ చేసిన రాత్రి మేమెవరం ఇంటికి పోలేదు. కొత్త సంవత్సరం కంట్రోల్ రూమ్‌లోనే వచ్చింది. ఒక రాష్ట్రంలో యూనిట్ ట్రిప్ అయితే ఇంకో రాష్ట్రం మిషన్లు తమంతట తామే భారం ఎత్తుకుంటాయి. గల్ఫ్ గ్రిడ్‌లోనూ ముఖ్యమైన లాభం అదే. కరెంటు అమ్మకం కన్నా, ఒక దేశంలో పెద్ద యూనిట్ పడిపోయినప్పుడు సెకన్లలో వచ్చే ఆసరా విలువైనది. ప్రతి దేశం విడిగా ఖాళీ మిషన్లు తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. ఆ ఒక్క కారణానికే ఆ లైన్ కట్టవచ్చని నా అభిప్రాయం.

దోహా నుంచి తిరిగొచ్చినవాళ్లం:

మీరంతా పైపులు, తీగలు, డాకుల గురించి చెప్తున్నారు. నేను మనుషుల గురించి చెప్పాలి.

2017 జూన్ 5న మేం దోహాలో ఉన్నాం. రంజాన్ నెల. పొద్దున్నే లేచేసరికి సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయని వార్త. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క నేల దారి సౌదీ వైపు, అది మూసేశారు. సూపర్‌మార్కెట్‌కు పోతే పాల రాక్ ఖాళీ, అప్పటిదాకా పాలు ఎక్కువగా సౌదీ నుంచే వచ్చేవి. మా చిన్నవాడికి మూడేళ్లు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తొస్తుంది. కొద్దిరోజులకు టర్కీ పాల ప్యాకెట్లు వచ్చాయి, జూలైలో ఆవులను విమానాల్లో దింపారు. సెలవులకు హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్లినప్పుడు విమానం ఇరాన్ వైపు నుంచి దిగింది, ఎమిరేట్స్ ఆకాశం మాకు లేదు.

పాలు దొరికాయి సరే. మా పక్క ఫ్లాట్‌లో బహ్రెయిన్ ఆవిడ, భర్త ఖతారీ. ఖతార్‌లో ఉన్న తమ పౌరులు పద్నాలుగు రోజుల్లో వెనక్కి రావాలని ఆ దేశాలు చెప్పాయి. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ పడేదాకా మూడున్నరేళ్లు అంతే.

ఆ మూడున్నరేళ్లూ సముద్రం అడుగున డాల్ఫిన్ పైపులైన్‌లో ఖతార్ గ్యాస్ ఎమిరేట్స్‌కు పోతూనే ఉంది, ఒక్కరోజు ఆగలేదు. 2007 నుంచి నడుస్తున్న పైపు, 364 కిలోమీటర్లు. ఆపితే అవతల ఇళ్లలో ఏసీలు ఆగిపోయేవి, ఖతార్ ఆపలేదు. మా ఆయన దాన్ని మంచితనం అంటాడు. నాకు మాత్రం గ్యాస్‌కు దొరికిన దారి ఆ ఆవిడకు దొరకలేదే అని ఉంటుంది. అన్నట్టు, అశోక్‌నగర్ చెల్లీ, మీ బిట్‌లోని ఒమన్ ఆ తగవులో ఎవరి పక్షం పట్టలేదు. దాని సోహార్ రేవు నుంచి మాకు సరుకులు వచ్చాయి. అందుకే ఆ దేశం పేరు నేను ఎప్పటికీ తప్పు పెట్టను.

అశోక్‌నగర్ హాస్టల్:

ఇంత రాస్తారని అనుకోలేదు. అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీ పోస్టు చదివి మా రూమ్‌లో అందరం కాసేపు మాట్లాడలేదు. మెయిన్స్ అన్నా, ఒక్క డౌట్. 1967లో ఫలించనిది 1973లో ఎలా ఫలించింది? వెల్డర్ అంకుల్, 1990లో మీరు అక్కడే ఉన్నారు కదా, అప్పుడు ఆ సంస్థ ఏమైంది?

మెయిన్స్ రాసినవాడు:

1967లో అమెరికా దగ్గర బావులు తిప్పితే వచ్చే అదనపు చమురు ఉంది. 1970 తర్వాత దాని ఉత్పత్తి తగ్గుముఖం పట్టింది, 1973 నాటికి ఆ మిగులు లేదు. రెండోది, ఫలానా దేశానికి అమ్మం అంటే సరుకు ఇంకో దేశం చుట్టూ తిరిగి అక్కడికే చేరుతుంది. మొత్తం ఉత్పత్తే తగ్గించడంతో అందరికీ కొరత తగిలింది. పీపా 3 డాలర్లున్న ప్రకటిత ధర 1974 జనవరికి 11.65 అయింది. గల్ఫ్‌లో కట్టడాలు లేచింది, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు వీసాలు వచ్చింది ఆ డబ్బుతోనే.

మూసాపేట వెల్డర్:

దోహా చెల్లెమ్మా, నీ మాట కాదనను. నేను ఇనుము సంగతి చెప్పాను, నువ్వు కడుపుకోత చెప్పావు.

బిడ్డా, 1990 ఆగస్టు 2న మేం నైట్ షిఫ్ట్ దిగి మెస్‌లో టీ తాగుతుంటే రేడియోలో విన్నాం. కువైట్‌లో ఉన్న సంస్థ ఆఫీసును తర్వాత కైరోకు మార్చుకున్నారు. ఆపగలిగింది ఏమీ లేదు. మా డాకు ఆగలేదు, నా జీతం ఆగలేదు. మా బామ్మర్ది మాత్రం కువైట్‌లో మేస్త్రీ పని. మూడు వారాలు అతని జాడ లేదు. మా ఆవిడ కోరుట్ల నుంచి రాసిన ఉత్తరాల్లో ఆ ఒక్క ప్రశ్నే ఉండేది. అతను బాస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారిలో గుడారాల్లో పడి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయి చేరాడు. అలా లక్షమందికి పైగా మనవాళ్లను తెచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో తన తాపీ. పదకొండు నెలల జీతం అక్కడే పోయింది.

యుద్ధం అయ్యాక ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టి, ఇరాక్ అమ్ముకునే చమురు డబ్బులో కొంత పక్కకు తీసి నష్టపోయినవాళ్లకు పంచింది. మనలాంటి కూలీలకు కూడా. కాగితాలు నేనే సెలవులో వచ్చి నింపిపెట్టాను, పాస్‌పోర్ట్‌లో కువైట్ స్టాంప్ ఉన్న పేజీ జిరాక్స్ తీయించి. మొత్తం 52 బిలియన్ డాలర్లకు పైగా కట్టడం ఇరాక్ 2022లో ముగించింది. మా బామ్మర్దికి డబ్బు చాలా ఏళ్లు ముందే వచ్చింది. ఆ డబ్బుతో మెట్‌పల్లిలో పెంకుటిల్లు విప్పి స్లాబ్ వేసుకున్నాడు. తాపీ పని తనే చేశాడు, వెనక గోడ కిటికీ గ్రిల్ నేను వెల్డ్ చేశాను.